నలుగురు అమ్మే సరుకు, ఒక్కరే అమ్మే సరుకు

ఆర్మూరు పరిసరాల రైతులు నెలల తరబడి సాకిన పసుపును తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, కొమ్మునూ మండనూ వేరుచేసి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేర్చినప్పుడు, నాణ్యతతో పాటు ఆ కుప్పను కోరి ఎందరు ఖరీదుదారులు ముందుకు వస్తారన్నది కూడా ధరను నిర్ణయిస్తుంది. అక్కడ గిట్టదనుకున్న రైతు మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా సరుకు తీసుకుపోవడానికీ, వ్యాపారులు ఆన్‌లైన్‌లో పోటీపడి ధర వేసే ఈ-నామ్ విధానం 2016లో మొదలై నిజామాబాద్‌కు రావడానికీ వెనుక ఉన్న ఆశ ఒక్కటే: పోటీ పెరిగితే ధర న్యాయంగా ఉంటుంది. ఈ సూత్రాన్నే అమ్మేవారి వైపు నుంచి చూస్తే, అదే పట్టణంలోని యువకులు ఆడే వీడియో గేముల ధరల్లో కనిపించే ఒక చిక్కు విడిపోతుంది.

డిస్కు రూపంలో వచ్చే గేముకు ముద్రణ, పెట్టె, రవాణా, దుకాణదారు లాభం వంటి ఖర్చులుంటాయి. ఇంటర్నెట్ ద్వారా దించుకునే గేముకు వీటిలో చాలావరకు ఉండవు కనుక, అది చవకగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. అయినా సోనీ గేము యంత్రం ప్లేస్టేషన్ 5తో పాటు వచ్చిన ‘డీమన్స్ సోల్స్’ గేముకు విడుదలైనప్పుడు భారతదేశంలో డిస్కు ధరా, డౌన్‌లోడ్ ధరా రెండూ 4,999 రూపాయలే ఉండేవి.

డిస్కు పెట్టె మీద ఎమ్మార్పీ, అంటే మించి అమ్మకూడని గరిష్ఠ చిల్లర ధర, ముద్రించి ఉంటుంది. దానికి లోబడి హైదరాబాద్ దుకాణదారు ఒక ధరకూ, ఆన్‌లైన్ వ్యాపారి మరొక ధరకూ అమ్మవచ్చు, నిల్వ పేరుకుపోతే ఇంకా తగ్గించవచ్చు. ఆడి ముగించినవారు దానిని మరొకరికి అమ్ముకోగలరు కాబట్టి, పాత డిస్కు కూడా కొత్త డిస్కుకు పోటీ అవుతుంది. డౌన్‌లోడ్‌తో లభించేది లైసెన్సు, అంటే కొన్నవారి ఖాతాకే పరిమితమైన వాడుక అనుమతి. అది సాధారణంగా చేతులు మారదు, పాతబడిన సరుకుగా బజారుకు రాదు.

గేములు ఆడే ప్రత్యేక యంత్రమైన కన్సోల్‌లో ఈ తేడా మరింత స్పష్టం. ఇతర దుకాణాలు పూర్తి గేముల డౌన్‌లోడ్ కోడ్లు అమ్మే ఏర్పాటును సోనీ 2019 ఏప్రిల్ 1 నుంచి నిలిపివేయడంతో, ప్లేస్టేషన్ కన్సోల్‌కు డౌన్‌లోడ్ అమ్మే స్థలం ప్రధానంగా సోనీ సొంత స్టోరే అయింది. 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 భారతదేశానికి వచ్చినప్పుడు డిస్కు డ్రైవు ఉన్న యంత్రం ధర 49,990 రూపాయలు, లేనిది 39,990 రూపాయలు. అయితే ఒక్కో డిస్కు గేము మీద తగ్గింపు రూపంలోనో, తిరిగి అమ్మడం ద్వారానో వెయ్యి రూపాయలు మిగిలినా, పది గేములతో ఆ పదివేల వ్యత్యాసం తీరిపోతుంది.

డౌన్‌లోడ్ అనేదే ఖరీదైనదని దీని అర్థం కాదు. కంప్యూటర్ గేముల రంగంలో స్టీమ్ అనే డౌన్‌లోడ్ స్టోర్ 2015లో రూపాయల్లో ధరలు చూపడం మొదలుపెట్టింది. 2018లో వచ్చిన ఎపిక్ స్టోర్, అప్పటికి వాడుకలో ఉన్న 30 శాతానికి బదులు గేము తయారీదారుల అమ్మకాల రాబడిలో 12 శాతమే తీసుకుంటానని ప్రకటించింది. పలు స్టోర్లు ఉన్నచోట డౌన్‌లోడ్ ధరలూ దిగే అవకాశం ఉంటుంది. పెద్ద నగరానికి దూరంగా ఉన్నవారికి కొరియర్ కోసం ఎదురుచూపు తప్పడమూ నిజమైన మేలే; కానీ రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్లాన్‌తో 100 జీబీ గేమును దించుకోవడానికి 50 రోజులు పడుతుంది కనుక, ఆ మేలు బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంటికే దక్కుతుంది.

కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చేసి, 2025 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన చట్టం ప్రకారం, డిజిటల్ సరుకును ‘కొనండి’ అంటూ అమ్మే సంస్థ, ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి. ఎమ్మార్పీ ముద్రణను తప్పనిసరి చేసిన భారతదేశానికి ఇటువంటి నియమం కొత్త భారం కాదు. అయితే వెల్లడితోనే న్యాయం పూర్తి కాదు. తిరిగి అమ్ముకునే హక్కు ఉన్న వస్తువు ధరనే ఆ హక్కు లేని వస్తువుకూ అడగడం సరికాదు. ఆ హక్కునైనా ఇవ్వాలి, లేదా అది లేనందుకు ధరనైనా తగ్గించాలి.