ఆటకీ ఆకుకీ ఒకటే పొద్దు

పోయిన ఏడాది, 2025 ఏప్రిల్‌లో, అమ్మ ఫోన్ చేసి హలో కూడా అనకుండా, "నీ చెల్లెలు బంతాటకి పోతానంటుంది. ఆకు ఎవరు తెంపుతారు?" అంది. ఈ మాట కోయలో అంది. తెలుగులో రాస్తే కసిరినట్టు ఉంది గానీ కసరలేదు. నిజంగానే అడిగింది.

మాది భద్రాచలం దాటాక దుమ్ముగూడెం వైపు, అడవి అంచు ఊరు. చెల్లికి పదమూడేళ్ళు. భద్రాచలంలో మే నెలంతా ఫుట్‌బాల్ శిబిరం, చివరి వారం పిల్లల్ని జట్లుగా విడదీసి లీగ్. ఉండటానికి చిన్నమ్మ ఇల్లుంది. బస్సుకి ఆధార్ చూపిస్తే చాలు. స్టడ్స్ 900. ఇదంతా చెల్లి ముందే లెక్కేసి నాకు వాయిస్ మెసేజ్ పెట్టేసింది.

హైదరాబాద్‌లో నా పక్క సీటాయన 'మైదాన్' సినిమా చూసి ఉన్నాడు. "పంపించెయ్యమ్మా, రహీం సాబ్ మన హైదరాబాదే కదా" అన్నాడు. నిజమే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచినప్పుడు కోచ్ ఆయనే, 1962 జకార్తా ఏషియాడ్ బంగారమూ ఆయన హయాంలోదే. అంత వెనక్కి ఎందుకు, నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య దేశానికి ఆడింది. కానీ ఈ పేర్లు చెప్పి అమ్మని ఒప్పించబుద్ధి కాలేదు. మా చెల్లి సౌమ్య కాకపోవచ్చు. కాకపోతే ఆ నెల దండగేనా? పక్క సీటాయనకి సమ్మర్ కోచింగ్ అంటే కొడుకుని ఫోన్ నుంచి లాగే ఉపాయం. మా ఇంట్లో వేసవి అంటే డబ్బు కళ్ళచూసే కాలం.

తునికాకు అంటే బీడీలు చుట్టే ఆకు. సీజన్ గట్టిగా 20 రోజులు. తెల్లారుజామున 4 గంటలకే అడవిలోకి పోవాలి. 9 దాటితే ఎండ నిలవనీయదు, మాకు మేలో 45 డిగ్రీలు వింతేం కాదు. ఇంటికి తెచ్చి, 50 ఆకులు ఒక కట్ట చొప్పున కట్టి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. కట్టకి 3 రూపాయలు. చెల్లి చెయ్యి పడితే రోజుకి 50 కట్టలు ఎక్కువ, అంటే 150 రూపాయలు. సీజన్‌కి 3000. ఇక శిబిరమేమో పొద్దున 5:30 నుంచి 8 దాకా, మళ్ళీ సాయంత్రం. కారణం అదే ఎండ. ఆటకైనా ఆకుకైనా చల్లటి పొద్దు అదొక్కటే.

నేనూ పోయాను ఇలాంటి శిబిరానికి. 2014 మేలో, ఖమ్మంలో, కబడ్డీకి. నాకూ అప్పుడు పదమూడే. ఏం మిగిలింది అంటే ప్లాస్టిక్ కవర్లో ఒక సర్టిఫికెట్. ఇంకోటి కూడా. పని చెప్పడానికి కాకుండా నా పేరు పెట్టి ఎవరైనా గట్టిగా అరవడం మొదటిసారి అక్కడే విన్నాను. ఆ ఏడు ఆకు డబ్బు తక్కువొచ్చి అమ్మ వెండి కడియాలు తాకట్టు పెట్టింది. నాకు మూడేళ్ళ తర్వాత తెలిసింది. కడియాలు తిరిగి రాలేదు.

అందుకే తెలివిగా, "ఆ 3000 నేను పంపుతాలే" అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"డబ్బు కాదే. నాలుగింటికి చీకట్లో ఒక్కదాన్నే ఎట్లా పోను? ఎలుగుబంటి తిరుగుతుంది. తోడుండే మీ మేనత్తకి మోకాళ్ళు పోయినయి."

ఎనిమిదేళ్ళుగా నేను మోస్తున్న కడియాల లెక్కలో ఈ చీకటి లేదు. 2014లో ఎవరితో పోయావని అడిగాను. "పోయినా" అంది, అంతే.

జీతం లేని సెలవు 12 రోజులు పెట్టి ఊరికి పోయాను. చేతులు మర్చిపోయాయి. మొదటి రోజు 30 కట్టలు కట్టాను, అందులో నాలుగింటికి ఆకులు తక్కువని కల్లం దగ్గర పక్కన పెట్టేశారు. నేను వెళ్ళిపోయాక మిగిలిన రోజులు అమ్మ పక్కింటివాళ్ళ వెంట పోయింది, వాళ్ళు ఎటు పోతే అటు.

చెల్లి మాత్రం ఫోన్లో ఆట గురించి కాదు, గోల్‌కీపర్ గురించే చెప్పేది. ఆ పిల్లది ఏటపాక. గ్రౌండ్ నుంచి నడిచిపోయేంత దూరం, కానీ రాష్ట్రం వేరు. నేను కబడ్డీకి పోయిన వేసవి దాకా అదీ మా జిల్లానే. ఆ ఏడే ఆంధ్రలో కలిపారు. 2025 వేసవి నాటికి వాళ్ళ జిల్లా కేంద్రం ఎక్కడో పాడేరు. రేపు జిల్లా ఎంపికలంటే చెల్లి ఇటు, ఆ పిల్ల అటు. ఇద్దరూ ఒకే జట్టులో ఆడేది ఈ వేసవి లీగ్‌లోనే.

చివరి మ్యాచ్‌కి సెలవు దొరక్క ఆదివారం బస్సెక్కి వచ్చాను. చెల్లిని రెండో సగంలో దింపారు, ఓ పది నిమిషాలు ఆడింది, బంతి మూడుసార్లు తగిలింది. ఓడిపోయారు. అమ్మకి ఆట అర్థం కాలేదు. గోల్ దగ్గర నిలబడ్డ పిల్లనే చూస్తూ, "ఈ పిల్ల కోసం ఎవరూ రాలేదా?" అంది.

"వాళ్ళమ్మ ఆకుకి పోయింది" అంది చెల్లి.

అమ్మ సంచిలోంచి మజ్జిగ సీసా తీసి, చెల్లికి ఇవ్వకుండా, అటు నడిచింది.