బొమ్మ కింద పేరు

మా రాయవరం వైపు ఎరుకల వాళ్ళం బుట్టలు, చేటలు అల్లి బతికినవాళ్ళం. మా ఇళ్ళలో ఫొటో అంటే ఆధార్ కార్డు, పెళ్ళి ఆల్బం, చనిపోయినవాళ్ళకు కట్టించిన పటం. వెదురు చీలుస్తున్న అమ్మ ఫొటో వెతికితే ఒక్కటీ దొరకదు.

మమ్మల్ని చూసి రాసుకున్నవాళ్ళు లేకపోలేదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు వేశారు. మనుషుల తలలు, ముక్కులు కొలిచారు. ఫొటోల కింద తెగ పేరే తప్ప మనిషి పేరు ఉండటం అరుదు. ఇటు నేరస్థ తెగల చట్టం కింద మా పెద్దల పేర్లు పోలీసు రిజిస్టర్లకు ఎక్కాయి. ఆ చట్టం దేశమంతటా పూర్తిగా పోయింది 1952లో. ఒకచోట పేరు లేని ముఖం, ఇంకోచోట ముఖం లేని పేరు. రెండుచోట్లా మా పని గురించి మమ్మల్ని అడిగినవాళ్ళు లేరు.

అందుకే పి. సాయినాథ్ గారి పని మా పిల్లలకు చెప్పాలనిపిస్తుంది. ఆయన 1957లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టిన జర్నలిస్టు. 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల పల్లెల్లో పనిచేసే ఆడవాళ్ళను ఫొటోలు తీశారు. వాటిని ఏరి, వరుసలో పేర్చి, పక్కన మాటలు రాసి ప్రదర్శన చేశారు. పనేమో కళ్ళముందే ఉంటుంది, చేసే స్త్రీ మాత్రం కనబడదు అన్నదే దాని సారం. ఆ బొమ్మలు బస్టాండుల్లో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, కూలీల సభల్లో కూడా పెట్టారు. ఏళ్ళ తరబడి జర్నలిజం విద్యార్థులకు పాఠాలు చెప్పారు. 2014లో 'పరి' మొదలుపెట్టి, బడి పిల్లలు కూడా తమ ఊళ్ళ గురించి రాసే వీలు కల్పించారు. తీయడం, ఏర్చి పెట్టడం, నేర్పడం ఆయనకు మూడు ఉద్యోగాలు కావు, ఒకటే పని.

అందులో విజయనగరం జీడితోటల్లో తీసిన బొమ్మ ఒకటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఒకామె కాసేపు పని ఆపింది, నడుం మాత్రం ఎత్తలేదు. క్షణంలో మళ్ళీ పనికి దిగాలి కదా. ఇంకొకరైతే "అమ్మా, లేచి నవ్వు" అనేవారు. ఆయన అలా అనలేదు గనకే ఆ బొమ్మ చూస్తే మా నడుములు గుర్తొస్తాయి.

ఇప్పుడు మా పిల్లల చేతుల్లోనే ఫోన్లున్నాయి. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవమని బడిలో వాళ్ళకు ఆకులు కట్టి, ఈకలు పెట్టి ఫొటోలు తీస్తున్నారు. మా అమ్మమ్మలెవరూ ఈకలు పెట్టుకోలేదు.

మేస్టార్లూ, ఈసారి ఆ పిల్లలనే ఫొటోలు తీయనివ్వండి. ముందు మనిషిని అడగమనండి. వద్దంటే ఊరుకోమనండి. ఒప్పుకుంటే పేరు, ఊరు, చేస్తున్న పని ఆమె మాటల్లోనే రాయించండి. వందలో పది ఏరి బడి వరండాలో కట్టండి. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో పిల్లలే వాదించుకోనివ్వండి. సగం చదువు అక్కడే ఉంది. ఆ రోజు బొమ్మలోని మనిషిని కూడా పిలిచి కుర్చీ వేయండి. బుట్టకు మొదలు ఎలా పెడతారో ఆమె చెబుతుంటే పిల్లలు రాసుకుంటారు.