వేగానికి ముందు చల్లదనం

ఈసారి వంట ముచ్చట కాదు, పండుగ ముచ్చట కాదు, కంప్యూటర్ ముచ్చట. అయ్యో అనుకుని వెళ్లిపోకండి. బీఏ తెలుగు చదివిన నాకే అర్థమైంది, మీకు కాకపోవడం ఏముంది? పైగా ఇందులో సగం మనకు రోజూ ఉండేదే. ఎండ, గాలి, దుమ్ము, కరెంటు, డబ్బు.

మావాడు ఇంటర్ రెండేళ్లు హైదరాబాద్‌లో ఒక హాస్టల్ కాలేజీలో చదివాడు. పొద్దున అయిదింటికి లేపేవారు, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్. వారం వారం పరీక్ష, ర్యాంకును బట్టి సెక్షన్ మార్పు. రెండో ఏడు అయ్యేసరికి పిల్లాడు సగమై ఇంటికొచ్చాడు. ర్యాంకు రాలేదు. నల్లగొండలోనే డిగ్రీలో చేరాడు. ఆ తర్వాత ఏడాది పాటు వాడు నన్ను ఒక్క వస్తువు అడగలేదు. తినమంటే తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు. అడగని పిల్లలతో ఎంత భయమో మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది.

అలాంటివాడు 2023 దసరా అయ్యాక ఒక రాత్రి వంటింటి గడప దగ్గర నిలబడి "అమ్మా, ఒక కంప్యూటర్ కట్టుకుంట" అన్నాడు. కొనుక్కుంటా అనలేదు, కట్టుకుంటా అన్నాడు. బ్లెండర్ అని బొమ్మలు తయారుచేసి కదిలించే సాఫ్ట్‌వేర్ ఉందట, అది నేర్చుకుంటున్నాడట. విడి భాగాలు తెచ్చుకుని తనే బిగించి, దాన్ని ఓవర్‌క్లాక్ కూడా చేస్తానన్నాడు. అంటే ప్రాసెసర్‌ను కంపెనీ చెప్పిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపించడం.

మా ఆయన విన్నారు. "ఉన్న స్పీడు చాలదా? కాలిపోతే ఎవడిస్తడు?" అన్నారు. ఆ ప్రశ్నలో తప్పేం లేదు. ఓవర్‌క్లాక్ వల్ల పాడైతే వారంటీ వర్తించదని కంపెనీలే రాసిపెడతాయి. నా చేతిలో చిట్టీ పాడిన డబ్బులున్నాయి. "ముందు నాకు అర్థమయ్యేటట్టు చెప్పు. అర్థమైతే ఇస్త" అన్నాను. వాడు వారం రోజులు రాత్రిపూట నా పక్కన కూర్చుని చెప్పాడు. అన్నం తిన్నాక అంతసేపు నాతో మాట్లాడటం రెండేళ్ల తర్వాత అదే మొదలు.

నాకు అర్థమైంది మీకూ చెప్తాను.

ప్రాసెసర్ లోపల ఒక తాళం పడుతూ ఉంటుంది. ఒక్కో దెబ్బకు ఒక్కో అడుగు పని. మూల తాళం సెకనుకు 10 కోట్ల దెబ్బలు, అంటే 100 మెగాహెర్ట్జ్. దాన్ని 38 రెట్లు చేస్తే 3.8 గిగాహెర్ట్జ్. ఆ రెట్టింపు అంకెను పెంచడమే ఓవర్‌క్లాకింగ్‌లో మామూలు దారి. తాళం పెంచితే లోపలి స్విచ్చులు తొందరగా మారాలి. అందుకు వోల్టేజి కొంచెం ఎక్కువ కావాల్సి వస్తుంది. తిప్పలంతా ఇక్కడే. వేడి వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజికైతే వర్గం లెక్కన పెరుగుతుంది. వాడు కాగితం మీద వేసి చూపించాడు. వేగం 100కి 5 పెంచి, అందుకోసం వోల్టేజి 1.2 నుంచి 1.3కి తీసుకెళ్తే వేడి 100కి 23 దాకా పెరుగుతుంది. అయిదు కోసం ఇరవై మూడు.

"మరి ఎందుకురా?" అన్నాను.

"గందుకే కదమ్మా, ముందు చల్లబరిచేది చూసుకోవాలె. స్పీడు తర్వాత."

ఈ మాటతోనే నాకు ధైర్యం వచ్చింది. జాబితా కూడా ఆ వరసలోనే రాయించాను.

మొదటిది ప్రాసెసర్. అన్నీ వేగం పెంచనివ్వవు. ఇంటెల్‌లో పేరు చివర 'కె' అక్షరం ఉన్నవి కొనాలి, దానికి 'జడ్' రకం మదర్‌బోర్డు కావాలి. రెండూ ఖరీదే. ఎఎండీ రైజెన్‌లో ఎక్కువ వాటికి తాళం వేసి ఉండదు. వాడు రైజెన్ 5 7600 ఎంచుకున్నాడు. ఆరు కోర్లు, మామూలు వేగం 3.8, అవసరమైతే తనంతట తానే 5.1 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. వేడి 95 డిగ్రీలకు చేరితే తనే వేగం తగ్గించుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ గుణం చాలా మంచిది. బొమ్మ చూపించడానికి సరిపోయే గ్రాఫిక్స్ అందులోనే ఉంది కాబట్టి గ్రాఫిక్స్ కార్డు ఖర్చు అప్పటికి తప్పింది.

రెండోది మదర్‌బోర్డు. ఈ ప్రాసెసర్‌కు ఎ620 బోర్డు చవక, కానీ అందులో ప్రాసెసర్ వేగం పెంచే వీలు లేదు. బి650లో ఉంది. బి650లోనూ ప్రాసెసర్ పక్కన కరెంటును సరిచేసే భాగాల మీద లోహపు దిమ్మలు ఉన్నవి చూసుకోవాలి. అవీ వేడెక్కుతాయి మరి.

మూడోది కరెంటు ఇచ్చే పెట్టె, పవర్ సప్లై. ఇక్కడ చవక చూడొద్దు. 650 వాట్లది, 80 ప్లస్ గోల్డ్ ముద్ర ఉన్నది తీసుకున్నాం. మా దగ్గర ఇంకో రెండు పనులున్నాయి. ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌కు మార్పించాం, కరెంటు పోయిన క్షణంలో కంప్యూటర్ ఆగిపోకుండా. బయోస్ మార్చేటప్పుడు కరెంటు పోతే బోర్డే పనికి రాకుండా పోవచ్చు. రెండోది ఎర్తింగ్. మనది రాతి నేల. ఎండాకాలం ఎర్తింగ్ గుంత ఎండిపోతే ఎర్త్ సరిగ్గా పనిచేయదు. తులసమ్మకు పోసినట్టు దానికీ నీళ్లు పోస్తున్నాను.

నాలుగోది చల్లబరిచేది. ప్రాసెసర్ డబ్బాలో ఒక చిన్న ఫ్యాన్ వస్తుంది. మామూలు వాడకానికి అది చాలు, వేగం పెంచడానికి చాలదు. నీళ్లతో చల్లబరిచేవి ఉన్నాయి, చూడటానికి బాగుంటాయి. వాటిలో పంపు ఉంటుంది, పంపు ఏదో ఒకనాడు ఆగుతుంది. ఆరు కోర్ల ప్రాసెసర్‌కు అంత అవసరం లేదని వాడే అన్నాడు. నాలుగు రాగి గొట్టాలు, అల్యూమినియం రేకులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న డీప్‌కూల్ ఎకె400 తీసుకున్నాం. దాని ఎత్తు 155 మిల్లీమీటర్లు. క్యాబినెట్‌లో పడుతుందో లేదో కొనకముందే టేపు పెట్టి చూడాలి.

క్యాబినెట్ ముందు భాగం అద్దంతో మూసి ఉన్నది వద్దని, జాలీ ఉన్నదే కొన్నాం. ఇది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. జడ్చర్ల దగ్గర మా అమ్మగారి ఊళ్లో పెద్ద బండరాళ్ల గోడల ఇల్లు మాది. ముందు దర్వాజా, వెనక దర్వాజా ఎదురెదురుగా ఉంటేనే ఇంట్లో గాలి ఆడేది. డబ్బాలోనూ అంతే. ముందు నుంచి రెండు ఫ్యాన్లు గాలి లోపలికి తీసుకుంటే, వెనక ఒకటి బయటికి పంపుతుంది. లోపలికి వచ్చేది కాస్త ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము తక్కువ పీలుస్తుంది. ముందు జాలీ నేను పదిహేను రోజులకోసారి దులుపుతాను.

డిసెంబర్‌లో పొద్దున రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లాం. ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు. అన్నీ కంప్యూటర్ దుకాణాలే. ఒక దుకాణంలో ఎ620 బోర్డు చూపించి "రెండూ ఒకటే మేడమ్" అన్నాడు. "ఒకటే అయితే దీంట్లో పీబీఓ వస్తదా?" అన్నాను. వాడు నా మొహం చూశాడు, మావాడు నవ్వాపుకున్నాడు. అన్నీ కలిపి అరవై వేలకు నాలుగు వందలు తక్కువైంది. మానిటర్ ఇంట్లో పాతదే ఉంది.

పీబీఓ అంటే చెప్పాలి కదా. ఈ కాలపు ప్రాసెసర్లు తమ వేగాన్ని తామే పెంచుకుంటాయి. ఆ పెంపుకు కంపెనీ కట్టిన హద్దును కొంచెం జరపడమే పీబీఓ. ఎక్కువలో ఎక్కువ 200 మెగాహెర్ట్జ్ జరపొచ్చు. దాంతో పాటు కర్వ్ ఆప్టిమైజర్ అని ఇంకోటుంది. అది వోల్టేజిని కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతుంది. వోల్టేజి తగ్గితే వేడి తగ్గుతుంది, మిగిలిన చోటులో వేగం పెరుగుతుంది. మరీ తగ్గిస్తే కంప్యూటర్ ఆగిపోతుంది. అప్పుడు ఒక మెట్టు వెనక్కి రావాలి. ఒకసారి ఒక్కటే మార్చాలి, మార్చినప్పుడల్లా నోటుబుక్కులో రాసుకోవాలి, గంటల తరబడి పరీక్ష పెట్టాలి. చలికాలం సెలవులన్నీ వాడికి ఇదే పని. చివరికి బొమ్మ తయారవడానికి 40 నిమిషాలు పట్టేది 37న్నరకు వచ్చింది. గది 24 డిగ్రీలు ఉన్నప్పుడు పూర్తి పనిలో ప్రాసెసర్ 79 డిగ్రీలు చూపించింది.

మా ఆయన "రెండున్నర నిమిషాలకా ఇంత?" అన్నారు. వాడు మొహం చిన్నబుచ్చుకోలేదు. నోటుబుక్కు తెచ్చి పదకొండు పేజీలు ఆయన ముందు పెట్టాడు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని అన్నీ చూశారు. ఏమీ అనలేదు.

అసలు పరీక్ష ఎండాకాలంలో. ఫ్యాన్ ఎంత మంచిదైనా గదిలో ఉన్న గాలినే విసురుతుంది. గది కన్నా చల్లగా చేయలేదు. మన రంజన్‌లో నీళ్లు గాలి కన్నా చల్లగా ఉంటాయంటే కుండ చెమర్చి ఆ తేమ ఆరుతుంది కాబట్టి. రాగి గొట్టం బయట చెమర్చదు. కాబట్టి గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. వాడి గది మేడ మీద, పైన స్లాబు. ఏప్రిల్ ఆఖరుకు గదిలో 38 డిగ్రీలు. 24కు 79 అయితే 38కి 93. ఆగే హద్దు 95.

వాడు ఇంకా పెద్ద కూలర్ కొంటానన్నాడు. నేను వద్దన్నాను. "డబ్బా కాదు బిడ్డా, గది చల్లబరుద్దాం." స్లాబు మీద సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయించాను. ఇది కొత్త సంగతేం కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది కూడా ఈ లెక్కతోనే. తెల్లటి కప్పు ఎండను తిప్పికొడుతుంది. వాటర్ కూలర్‌ను కిటికీ బయట పెట్టి బయటి గాలి తీసుకునేటట్టు చేశాం, ఎదురు తలుపు తెరిచి ఉంచాం. మన దగ్గర మే నెల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. ఒక జాగ్రత్త ఉంది. దాని గాలి నేరుగా కంప్యూటర్ మీదికి కొట్టొద్దు. తుంపరలో మన బోరు నీళ్ల ఉప్పు ఉంటుంది. కూలర్ గడ్డికి పట్టే తెల్ల పొర చూశారుగా, అది బోర్డుకు పట్టకూడదు.

గది 33కు దిగింది. వాడు బయోస్‌లో ప్రాసెసర్ హద్దును 95 నుంచి 85కు తగ్గించాడు. మధ్యాహ్నం వేగం కొద్దిగా తగ్గుతుంది, తగ్గనీ. పెద్ద పనులు తెల్లవారుజామున పెట్టుకుంటాడు. సున్నం పూత వల్ల కింద మా గది కూడా రాత్రి కాస్త నిద్ర పట్టేటట్టయింది. ఆ ఖర్చుకు మా ఆయన నోరెత్తలేదు.

ఆ నోటుబుక్కులో వాడు రాసుకున్న ఒక సంగతి నాకు బాగా పట్టింది. ఒకే పేరు, ఒకే ధర, ఒకే డబ్బాలో వచ్చిన రెండు ప్రాసెసర్లు ఒకే వేగానికి వెళ్లవట. ఒకటి ఇంత వోల్టేజి తగ్గింపుకు తట్టుకుంటే ఇంకోటి తట్టుకోదు. అందుకని ఎవరో పెట్టుకున్న అంకెలు మనం పెట్టుకోకూడదు, మన దాన్ని మనమే పరీక్షించుకోవాలి. ఆ హాస్టల్లో ఒక్కో సెక్షన్‌కు డెబ్బై మంది పిల్లలు. అందరికీ ఒకే గంట, ఒకే పేపరు, ఒకే వేగం. ఎవరి ఒంట్లో ఎంత వేడి ఉందో చూసే మీటరు అక్కడ లేదు. ఈ మాట నేను వాడితో అనలేదు. అనాల్సిన అవసరం లేదు, వాడు నాకంటే ముందే అనుకుని ఉంటాడు.

మీ పిల్లలు కూడా ఇలా అడిగితే వెంటనే కాదనకండి, వెంటనే డబ్బూ తీసివ్వకండి. వాళ్ల చేత చెప్పించుకోండి. బోర్డు ఏ రకం, పవర్ సప్లై ఎన్ని వాట్లు, కూలర్ డబ్బాలో పడుతుందా, గది మే నెలలో ఎన్ని డిగ్రీలు. ఈ నాలుగూ అడగండి. డిసెంబర్‌లో కుదిరిన లెక్కను మేలో మళ్లీ చూడమనండి. సమాధానం తెలియకపోతే వెతుక్కుని వస్తారు, వచ్చి మీ పక్కన కూర్చుంటారు.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రి అన్నాల దగ్గర మా ఆయన "ఇయ్యాల ఎంత చూపెట్టిందిరా?" అని అడుగుతున్నారు. వాడు అంకె చెప్తాడు. ఆ తర్వాత ఇద్దరూ ఇంకేదో మాట్లాడుకుంటారు.