బోయినపల్లిలో నొక యీతకొలను



గడచిన కార్తికమాసమున మా వదినెగారి యింటికి బోయినపల్లి వెళ్లితిని. రాజన్న సిరిసిల్ల జిల్లాలో వేములవాడ క్షేత్రమునకు దగ్గరగా నున్న యీ యూరిని నేను కాపురమునకు వచ్చిన క్రొత్తలో నొకమారు చూచియుంటిని. అప్పుడు వేసవి వచ్చినంతనే బావులడుగంటెడివి. బిందెడు నీటికై యాడువారు చేలగట్లవెంట నడిచెడివారు. నేడా స్థితి మారినది. ఈ మండలములోని మాన్వాడయొద్ద మానేటికడ్డముగా గట్టిన మధ్యమానేరు జలాశయము 2019లో నిండినది. శ్రీ రాజరాజేశ్వర జలాశయమని పేరుగల యా చెరువు సుమారు 27 టి.యం.సీ.ల నీరు పట్టును. చుట్టుపట్ల బావులలో జలము పైకి వచ్చినది. కాని కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి మున్నగు గ్రామములు ముంపునకు గురియైనవి. గట్టుపై నిలిచి చూచినవారికి నిశ్చలమైన నీరే కనబడును. దాని యడుగున గడపలును, తులసికోటలును నుండెనన్న తలపు తెలిసినవారికి మాత్రమే కలుగును.

మా వదినెగారి భర్త పదునెనిమిదేండ్లు దుబాయిలో పనిచేసి తిరిగివచ్చి, తోటలో నిల్లు కట్టుకొని, పిల్లలకొరకు చిన్న యీతకొలను కట్టించినారు. పొడవు 24 అడుగులు, వెడల్పు 12 అడుగులు, లోతు 4 అడుగులు. సుమారు 32,000 లీటర్ల నీరు పట్టును. నేను వెళ్లినప్పుడు చలికాలమునకై దానిని సిద్ధపరచుచుండిరి.

శీతలదేశములలో నీ సమయమున కొలనులోని నీటిమట్టము తగ్గించి, గొట్టములలోని నీటిని గాలితో బయటికి నెట్టి, పైన గప్పు వేయుదురు. నీరు గడ్డకట్టునప్పుడు వ్యాకోచించి గొట్టములను పగులగొట్టును గనుక వారి కది యవసరము. అన్నగారును నట్లే నీరంతయు దీసివేయ దలచిరి. మేస్త్రి వలదనెను. మన వైపు నీరు గడ్డకట్టునంతటి చలి లేదు. పైగా భూమిలోని జలము పైకి వచ్చియున్నచోట కొలనును ఖాళీచేసినచో, క్రిందినుండి నీరు నెట్టి యడుగుభాగమును బీటలువార్చును. ఒక్కొక్కప్పుడు తొట్టినంతయు పైకి లేపును. లోపలి నీటి బరువే దానికి రక్ష. జలాశయము నిండిన యూళ్లలో నీ మాట మరువరాదు.

కావున నీటిని నిలిపియే జాగ్రత్త చేసితిమి. ముందుగా గోడల పాకుడును బ్రష్షుతో తోమి, అడుగున జేరిన మన్నును, రాలిన యాకులను దీసివేసితిమి. నీటి యామ్లక్షారముల కొలత 7.2కును 7.8కును నడుమ నుండునట్లు చూచితిమి. బ్లీచింగు పొడి మంచిదైనచో నందు నూటికి 30 పాళ్లు క్లోరిను లభించును. ఇంత నీటికి 220 గ్రాముల పొడి చాలును. దానిని బకెట్టు నీటిలో గలిపి, తేరిన తేటను మాత్రమే సాయంకాలమున బోయవలెను. ఎండ క్లోరినును హరించును. ఆ పొడిని యామ్లముతో నెన్నడును గలుపరాదు. ప్రాణాంతకమైన విషవాయువు పుట్టును. వేసవిలో నెనిమిది గంటలు నడచిన వడపోత యంత్రమును నాలుగు గంటలకు దగ్గించిరి, కాని బొత్తిగా నాపలేదు. కదలని శుభ్రజలము డెంగ్యూ దోమకు మిక్కిలి ప్రీతి. గ్రుడ్డు పదిదినములలో దోమ కాగలదు.

ఇంతవరకు నంతయు బాగుగనే జరిగెను. పిమ్మట ఆకులు పడకుండ నీలి టార్పాలిను గుడ్డను కొలనుపై బరచి, నాలుగుమూలల త్రాళ్లతో గట్టిరి. మరునాటి యుదయమునకు దానిపై వేపాకులు రాలి, మంచు గురిసి, అది చూచుటకు నేలవలెనే యుండెను. మా వదినెగారి నాలుగేండ్ల మనుమడు బంతి వెంట పరుగెత్తి దానిపై నడుగిడెను. గుడ్డ గుంటపడి వాడు నడుమువరకు దిగబడెను. మేము వరండాలో మాటలాడుచుంటిమి. తోటపని చేయు ముసలమ్మ పరుగున వచ్చి చొక్కా పట్టి పైకి లాగెను. ఆమె నీలోజిపల్లిలో నిల్లు కోల్పోయినది.

మేమందరము వణకుచుండగా నామె మెల్లగా ననెను: "బట్ట కప్పంగనె నీళ్లు యేడికి పోతయమ్మా? మా ఊరు గిట్లనె కనిపిస్తలేదు. ఉన్నది గద అడుగున."

మయసభలో నీటిని నేలయని భ్రమించి దుర్యోధనుడు తడిసిన కథ మనమందరము విన్నదే. రాజు పడినప్పుడు నవ్వు పుట్టెను. ఆ నవ్వు వలన వైరము పెరిగెను. పసివాడు పడినప్పుడు నవ్వుటకును నేమియు మిగులదు. వేసవిలో పిల్లలు నీటిలో నున్నంతసేపు పెద్దలు గట్టున నుందురు. చలికాలమున నెవ్వరును దిగరని చూచుట మానుదురు. అప్పుడే యపాయమెక్కువ.

ఆ దినముననే టార్పాలినును దీసివేసిరి. వారములోపల కొలను చుట్టు నాలుగడుగులకు మించిన యినుపకంచె వేయించి, తనంతట తాను మూసికొను తలుపునకు పిల్లల చేయి యందని యెత్తున గడియ పెట్టించిరి. ఆకులకై గట్టివల బిగించిరి. అదియు రక్ష గాదనియు, ఆకులకు మాత్రమేననియు నింటిలోని వారందరికి జెప్పిరి. బంతులను, బొమ్మలను నీటి దాపున నుంచుట మానిరి. పొడవైన కఱ్ఱయు, త్రాడును గోడకు వ్రేలాడదీసిరి. పడినవారిని గట్టుననుండియే యందుకొనవలెను, ఈత రానివారు దూకరాదు. 108 అను సంఖ్యను పెద్ద యక్షరములతో గోడపై వ్రాసిరి. ఈతకొలను లేని మన యిండ్లలో హౌజులకును, చేదబావులకును నీ జాగ్రత్తలే వర్తించును.

పున్నమినాటి సాయంకాలమున జలాశయపు గట్టునకు బోతిమి. ముసలమ్మ యొక దీపము వెలిగించి, తన యూరున్న వైపు నీటిలో విడిచెను. పిల్లవాడు దానిని పట్టుకొనబోగా, మా వదినెగారు చూపు మరల్చకయే వాని చేయి గట్టిగా బట్టుకొనిరి.