ఉమ అంటే మన ఉమ కాదు, గుర్రం

ఈసారి యూరియా లైను గురించి కాదు, పత్తి రేటు గురించి కాదు. ఒక ఫోన్ ఆట గురించి రాస్తున్న. నవ్వకుండ చదవండి, మన పనికి దగ్గర ముచ్చటే.

మా చిన్నోడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌ల ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నడు. నాలుగేండ్లాయె. మొన్న బియ్యం, మామిడికాయ తొక్కు పట్టుకొని పోయిన. నల్లగొండ బస్సు ఎల్.బి.నగర్‌ల దింపితే మెట్రోల మూడో స్టేషన్. మధ్యల కొత్తపేట కాడ కిందికి చూడకుండ ఉండలేను. మన బత్తాయి దిగిన గడ్డిఅన్నారం మార్కెట్ అక్కడిదే కదా, 2021ల బాటసింగారం పోయింది.

రూముల నాలుగు మంచాలు. రాత్రి పుస్తకం మూసినంక చిన్నోడు ఫోన్‌ల ఒక ఆట తీసిండు. పేరు ఉమా ముసుమే. జపాన్ భాషల ఉమ అంటే గుర్రం, ముసుమే అంటే ఆడపిల్ల. స్టేజీ మీద పాడి ఆడే పిల్లల్ని వాళ్లు ఐడల్స్ అంటరు. వాళ్లను తయారుచేసే ఐడల్‌మాస్టర్ అనే ఆట 2005లనే వచ్చింది, ఇది ఆ జాతిదే. జపాన్‌ల 2021ల వచ్చింది, ఇంగ్లీషుల 2025 జూన్‌ల. నిజంగ పందెంల ఉరికిన గుర్రాల పేర్లే ఈ పిల్లలకు పెట్టిండ్రు. గుర్రం చెవులు, తోక కూడ ఉంటయి. మూడేండ్లు సాకాలె. వేగం, దమ్ము, బలం, పట్టుదల, తెలివి, ఈ ఐదుట్ల ఏది నేర్పాల్నో మనమే నొక్కాలె. ఒక్కో నొక్కుకు పదిహేను రోజులు గడుస్తయి. పందెం గెలిస్తే పాట పాడి ఆడుతది.

నాకు నచ్చింది ఒకటుంది. నొక్కకముందే ఈ పని చెడిపోయే అవకాశం నూటికి ఇంత అని చూపిస్తది. పిల్ల అలిసినకొద్ది ఆ లెక్క పెరుగుతది. అయినా నొక్కితే దెబ్బ తగులుతది, మనసు చెడుతది. చిన్నోడు నొక్కబోతుంటే "ఆపురా, 30 దాటింది, పండబెట్టు" అన్న. బత్తాయి తోటను బెట్టకు వదలందే పూత రాదని ఎరిగినోనికి ఇది చెప్పనక్కర్లేదు. కానీ విత్తనం పెట్టేనాడు మనకు ఆ లెక్క ఎవడు చూపిస్తడు? ఇంకోటి, ఆ పిల్ల బండెడు తింటది, మేత ఖర్చు ఎవరిదో ఆట చెప్పదు.

నచ్చనిది పైసల ముచ్చట. మంచి పిల్ల కావాల్నంటే చిట్టీ తీసినట్టు తీయాలె. పైతరగతి పిల్ల పడే అవకాశం నూటికి 3. పడలేదని ఇంకోసారి, ఇంకోసారి. పక్కనే మలక్‌పేటల నిజం గుర్రాల పందెం ఉన్నది, అక్కడ గుర్రం మీద పైసలు, ఇక్కడ బొమ్మ మీద పైసలు. నేనొక్క రూపాయి పెట్టలే నాయినా అన్నడు చిన్నోడు. నమ్మిన.

వాడు సాకుతున్నది హారు ఉరారా అనే పిల్లను. ఈ పేరుగల నిజం గుర్రం జపాన్‌ల కోచి అనే ఊరి పందేలల్ల 113 సార్లు ఉరికింది. ఒక్కసారి గెలవలే. 2004ల తకె యుతాక అని అక్కడి పేరుమోసిన జాకీ ఎక్కినా గెలవలే. అయినా జనం దానికోసం బారులు తీరిండ్రు. దాని టికెట్ ఎన్నడూ తగలదు గనుక బండి కూడ తగలదని కార్లల్ల పెట్టుకున్నరట! ఇంగ్లీషుల ఆట వచ్చినంక, ఎన్నడూ కొడవలి పట్టని పిల్లలు ఎక్కడెక్కడినుంచో పైసలు పంపి ఆ ముసలి గుర్రానికి గడ్డి కొనిచ్చిండ్రు. 2025 సెప్టెంబర్‌ల, 29 ఏండ్ల వయసుల అది పోయింది. కాడి మొయ్యలేని ఎడ్లను మనం అంగడికి తోలుతం, వానికి మనకు తెలిసిన కారణాలే ఉన్నయి. అయినా ఆ గడ్డి ముచ్చట విన్నంక కాసేపు మాట రాలే.

అన్ని గుర్రాలల్ల దీన్నే ఎందుకు పట్టినవురా అని అడగబోయి ఊకున్న. గ్రూప్ పరీక్షల లిస్టుల కొద్ది మార్కులతోని రెండుసార్లు పేరు తప్పింది వానిది.

ఆ పిల్ల కథల చివర అరిమా కినెన్ అని 2,500 మీటర్ల పందెం వస్తది. ఆమెదేమో దగ్గరి దూరం ఉరుకు. ఆ రాత్రి 16 మందిల 15వది వచ్చింది. చిన్నోడు నవ్వి మళ్లీ మొదటినుంచి పెట్టిండు. "నాయినా, ఈసారి దమ్ము పెంచుదామా?" అన్నడు.

పెంచు, కానీ నడుమ పండబెట్టు అన్న.