పంపు విప్పించే ముందు

బాబాయిగారూ, ఒక్క నిమిషం ఇలా గోడ దగ్గరకి రండి. మీ 1613 లారీకి రేపు డీజిలు పంపు విప్పించేస్తున్నారటగా, పిన్నిగారు చెప్పారు. స్లోలో మిస్సింగ్ కొడుతోందని ఏకంగా పంపు మీదకి వెళ్లిపోతే ఎలాగండీ? అది అన్నీ చూశాక, ఇంకేం మిగల్లేదంటే అప్పుడు చేసే పని. ఖర్చుకీ ఖర్చు, బండి ఆగిపోయినన్నాళ్లూ కిరాయీ పోతుంది.

మీ బండిలో ఉన్నది టాటా 697 ఇంజన్. ఆరు సిలిండర్లు, 5675 సీసీ. 1954లో టాటా వాళ్లు బెంజి వాళ్లతో కలిసి లారీలు మొదలెట్టారు కదా, ఆ వంశంలోదే. దాని పక్కనున్న మైకో పంపులో సిలిండర్‌కి ఒకటి చొప్పున ఆరు ఎలిమెంట్లు. మైకో పేరు 2008లోనే బాష్‌గా మారింది గానీ షెడ్లలో ఇప్పటికీ మైకో పంపే. స్లోలో ఉన్నప్పుడు ఒక్కో సిలిండర్‌లో పడే డీజిలు చాలా కొంచెం. ఆ కొంచెంలో ఒకదానికి కాస్త తగ్గినా ఇంజన్ కుదుపు చూపించేస్తుంది. అదే రేసిచ్చి రోడ్డెక్కితే డీజిలూ ఎక్కువ పడుతుంది, ఫ్లైవీలు ఊపూ తోడవుతుంది, లోపం కనపడదు. మీ డ్రైవరు "లోడు మీద బానే లాగుతోందండీ" అనడం అందుకే. అతను అబద్ధమేం చెప్పట్లేదు. కానీ స్లో స్క్రూ బిగించి ఆర్‌పీఎం పెంచాడు చూడండీ, అది మాత్రం తప్పు. జబ్బు అలాగే ఉంది, మన చెవికి వినపడకుండా పోయిందంతే. ముందు దాన్ని మళ్లీ పాత చోటికి తెప్పించండి.

తర్వాత సైలెన్సర్ దగ్గర నిలబడి వినండి. దెబ్బ ఒకే వరసలో, లెక్క ప్రకారం తప్పుతోందా? అయితే ఏదో ఒక సిలిండర్ పనిచేయట్లేదు. ఒకసారి బాగుండి ఒకసారి తడబడి, ఆగిపోయేలా అయి మళ్లీ పుంజుకుంటోందా? అయితే ముందు అనుమానించాల్సింది డీజిలు లైన్లో గాలి. ఊ ఊ అని పైకీ కిందకీ ఊగుతోందంటే గవర్నర్ వైపు చూడాలి, అదీ గాలి సంగతి తేలాకే. శబ్దమంతా సమంగానే ఉండి క్యాబిన్ మాత్రం ఊగిపోతోందంటే ఇంజన్ కింద మౌంటింగ్ రబ్బర్లు కుంగిపోయాయేమో చూడండి. ఆ రబ్బర్లు చూడకుండా పంపు దించిన బళ్లు ఎన్నున్నాయో!

గాలి విషయం కొంచెం తిరకాసు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిలుని పీల్చడమే జరుగుతుంది. అక్కడ చిన్న చీలికుంటే డీజిలు బయటికి కారదు, బయటి గాలి లోపలికి పోతుంది. కింద మరకేం లేదు కాబట్టి లీకు లేదనుకుంటాం. రాత్రి ఆపిన బండి పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోవట్లేదన్నారుగా, నా అనుమానం అక్కడే. ఫిల్టర్ మీద ఎయిర్ స్క్రూ వదులు చేసి ఫీడ్ పంపు హ్యాండిల్ కొట్టి చూద్దాం. నురగ పోయి చిక్కటి డీజిలు రావాలి. ఎంత కొట్టినా బుడగలే వస్తుంటే ఆ రబ్బరు పైపు తీసి, కాసేపు డీజిలుకి తట్టుకునే తెల్ల ప్లాస్టిక్ పైపు పెడితే బుడగలు కళ్లకే కనపడతాయి.

అది బాగుందంటే అప్పుడు నాజిల్ పైపులు. ఇంజన్ స్లోలో ఉండగా ఒక్కో నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేసి చూడాలి. వదులు చేయగానే ఇంజన్ ఇంకా కుంగిందా, ఆ సిలిండర్ మంచిదే, మళ్లీ బిగించేయాలి. వదులు చేసినా ఏ మార్పూ లేదా, దొంగ అదే. చేతులు మాత్రం దూరంగా ఉంచాలి బాబాయ్, నట్టు మీద గుడ్డ కప్పి, మొహం పక్కకి పెట్టుకుని. ఈ నాజిళ్లు సుమారు 200 బార్ ఒత్తిడికి తెరుచుకుంటాయి. ఆ చిమ్ము చర్మంలోకి దిగిపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనపడినా అదే క్షణం ఆసుపత్రికి పోవాలి. మీ పెద్దబ్బాయి కొత్త బీఎస్-6 బండి మీద ఈ పరీక్ష చస్తే చేయనివ్వకండి. అందులో కామన్ రైల్, వెయ్యి బార్ పైమాటే.

దొంగ దొరికాక ఆ నాజిల్నీ పక్కదాన్నీ అటూ ఇటూ మార్చి చూస్తాను. మిస్సింగ్ దాంతో పాటే పక్క సిలిండర్‌కి పోయిందంటే నాజిల్‌దే తప్పు, బాగు చేయిస్తే సరి. కదల్లేదంటే ట్యాపెట్లు చూడాలి. ట్యాపెట్ బిగుసుకుపోయిందంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది. అదీ బాగుందంటే కంప్రెషన్ కొలిపించి, అప్పుడు పంపు.

ఏంటీ, పొద్దున తెల్లపొగ వచ్చి, వేడెక్కాక పోతోందా? ఈ మాట ముందే చెప్పకపోయారా! డీజిలు పూర్తిగా మండకుండా పోతోందన్నమాట. నల్లపొగైతే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడమో డీజిలు ఎక్కువవడమో, నీలంగా వస్తే ఆయిల్ కాలడం. తెల్లది కాబట్టి నాజిల్ సరిగా చిమ్మట్లేదు, లేదా ఆ సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గింది.

చివరికి పంపే అని తేలితే నేనూ మీతో ఆటోనగర్ వస్తాను. బెంచి మీదకెక్కించి ఆరు గాజు గొట్టాల్లో డీజిలు సమంగా పడుతోందో లేదో మన కళ్లముందే చూపించమందాం. ఈలోగా డ్రైవర్‌తో కొత్త రబ్బరు పైపూ, నాజిళ్ల కింద వేసే రాగి వాషర్లూ తెప్పించండి, పాత వాషర్లు మళ్లీ వేయకూడదు. ఇంకోటి, పొద్దున నేనొచ్చేదాకా సెల్ఫ్ కొట్టనివ్వకండి. ఇంజన్ చల్లగా ఉంటేనే ఆ పొగ చూడగలం.