మైకుసెట్ మామ

గుడుపల్లెలో మా మామ ఇల్లు కావాలంటే పేరు చెప్పి లాభం లేదు. ‘మైకుసెట్టాయన’ అంటే రైల్వేస్టేషన్ దగ్గరే దారి చూపిస్తారు. ముప్పై ఏళ్లకు పైగా ఆ చుట్టుపక్కల పెళ్లికైనా, గంగ జాతరకైనా, భారతానికైనా ఆయన హారన్లే మోగాయి. మా చిత్తూరు జిల్లాలో భారతం అంటే పుస్తకం కాదు, ఊరి పండగ. ధర్మరాజుల గుడి దగ్గర పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అన్ని రోజులూ మామ ఆంప్లిఫయర్ పక్కనే. నెత్తిమీద వెదురుబొంగుకు కట్టిన హారన్లు. మైకు కూత పెట్టబోతోందని అందరికంటే ముందు ఆయన చెవికే తెలిసేది. చెయ్యి దానంతటదే నాబ్ మీదికి పోయేది.

అలాంటి మామ ఇంటికి పోయిన వేసవిలో బావ రెండు స్పీకర్లు తెచ్చాడు. బావంటే మామ కొడుకే. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమెరికా నుంచి తిరిగొచ్చిన స్నేహితుడి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడట. ఆ వారం నేనూ అక్కడే ఉన్నాను. ఒక్కోటి మనిషెత్తు, రెండంగుళాల మందం, పైన గుడ్డ.

“ఏందిరా ఇది, తలుపురెక్క మాదిరి ఉండాది?” అన్నాడు మామ. చుట్టూ తిరిగి చూశాడు. “డబ్బా యాడ?”

డబ్బా లేదు. వీటిని ప్లేనార్ మాగ్నెటిక్ స్పీకర్లంటారు. మామూలు స్పీకర్‌లో కాగితపు గరాటు, దాని వెనక గుండ్రటి అయస్కాంతం ఉంటాయి. ఇందులో గరాటు బదులు పల్చటి ప్లాస్టిక్ పొర, దానికి అతికించిన అల్యూమినియం తీగలు, దగ్గరగా వరసల్లో అయస్కాంతపు బద్దలు. తీగల్లో కరెంటు పారితే పొర పొరంతా ఊగుతుంది. అమెరికాలో త్రీఎం కంపెనీ ఇంజినీరు జిమ్ వైనీ ఈ పద్ధతి కనిపెట్టి, 1969లో మిన్నెసోటా రాష్ట్రంలో మాగ్నెపాన్ అనే కంపెనీ పెట్టాడు. శబ్దం ముందుకెంత వస్తుందో వెనక్కీ అంతే వస్తుంది. అందుకని గోడకు రెండు మూడడుగులు ఎడంగా నిలబెట్టాలి. బావ ఫ్లాట్‌లో అలా పెడితే మనుషులు నడవడానికి చోటుండదు. అసలు ఊరికి తేవడానికి కారణం అదే, తండ్రికి చూపించాలన్న సరదా తర్వాతిది.

సరదా అక్కడితో ఆగలేదు. వెనక మూత విప్పి క్రాసోవర్ బయటికి తీశాడు. లావు శబ్దాన్ని ఒక వైపు, సన్న శబ్దాన్ని ఇంకో వైపు మళ్లించే తూము అది. కాయిల్ లావుదాన్ని వదిలి సన్నదాన్ని అడ్డుకుంటుంది. కెపాసిటర్ దానికి తిరగబడ్డ రకం. మామూలు స్పీకర్లో ఈ పంపకం 3000 హెర్ట్జ్ దగ్గర జరుగుతుందనుకుంటే, ఎనిమిది ఓమ్‌ల ట్వీటర్‌కు ఆరున్నర మైక్రోఫారడ్ కెపాసిటర్ చాలు. ఈ పలకలేమో నాలుగు ఓమ్‌లవి, పంపకం 600 హెర్ట్జ్ దగ్గరే. లెక్క కడితే 66 మైక్రోఫారడ్లు, పదింతలు! అంత విలువలో మంచి ఫిల్మ్ కెపాసిటర్ అంటే ఖరీదే కాదు, సైజూ ఎక్కువే. కాబట్టి కంపెనీలు ఎక్కడో ఒకచోట సర్దుకుంటాయి. వీటిని కొన్నవాళ్లు ఆ సర్దుబాటును విప్పి బాగుచేయాలని చూస్తుంటారు. బావ కూడా లావు రాగితీగ చుట్టిన కాయిళ్లు, కొబ్బరిబొండాం కంటే కాస్త చిన్న కెపాసిటర్లు తెప్పించి చెక్కపెట్టెలో అమర్చాడు. పాతది పారెయ్యకుండా పక్కన పెట్టాడు.

కొత్తది తగిలించగానే పాట నిండుగా వినపడింది. నేను పొగిడేశాను. మామ మాత్రం “కెపాసిటర్ ఎండిపోయింటే మార్చాల్సిందే. బాగుంటే ఎందుకు ముట్టుకుంటివి?” అన్నాడు. ఉబ్బిన కెపాసిటర్లు ఎన్ని మార్చిన చెయ్యో అది. బావకు రోషం వచ్చింది. మీటర్ పెట్టి చూశాడు. పాత కెపాసిటర్ విలువ పెద్దగా మారలేదు. తేడా కాయిల్‌లో ఉంది. తీగ సన్నం కావడంతో దాని సొంత నిరోధమే అర ఓమ్. నాలుగు ఓమ్‌ల ముందు అర ఓమ్ అంటే బేస్ ఒక డెసిబెల్ తగ్గినట్టే. నాకు ‘నిండుగా’ తోచింది ఆ ఒక్క డెసిబెలే కావచ్చు.

కొత్తదానికీ అర ఓమ్ రెసిస్టర్ కలిపి రెండింటినీ సమం చేశాడు. అత్త దుప్పటి ఒకటి అడ్డం కట్టాం. దాని వెనక బావ నాణెం ఎగరేసి పాతదో కొత్తదో తగిలించడం, ఇవతల నేను చెప్పడం. పదిసార్లలో ఏడు సరిపోయాయి. నేను చంకలు గుద్దుకున్నాను. నాణెం వేసి గుడ్డిగా చెప్పినా ఆరింట ఒకసారి ఏడో అంతకంటే ఎక్కువో వస్తాయని బావే లెక్క చెప్పి నా గాలి తీశాడు.

“నాయనా, నువ్వు చెప్పు. నీ చెవి కంటేనా!” అని మామను కూర్చోబెట్టాడు. రెండుసార్లు విని “రెండూ ఒకటే పోరా” అన్నాడు మామ. అందులో వింతేమీ లేదు. వైర్లు మార్చి మార్చి ఏదైనా ఊడిందేమోనని బావ ఫోన్లోంచి ఒక్కో స్వరం పంపి పరీక్షించాడు. 500 హెర్ట్జ్. వెయ్యి. రెండు వేలు. మామ తల ఊపుతూనే ఉన్నాడు. మూడు వేల దగ్గర కొంచెం ముందుకు వంగాడు. నాలుగు వేలకు వచ్చేసరికి,

“ఎందుకురా నిలిపేస్తివి?” అన్నాడు.

ఎవరూ నిలపలేదు. గది నిండా కీచుమని మోగుతోంది. వంటింట్లోంచి అత్త “ఆపండిరా ఆ గోల” అని కేకేస్తోంది. బావ నా వైపు చూశాడు. ఫోన్ నొక్కి నిజంగానే ఆపేశాడు. “ఏదో వైరు ఊడింది నాయనా” అన్నాడు.

వయసు మీదపడితే పన్నెండు, పదిహేను వేల హెర్ట్జ్ వినపడకపోవడం మామూలే. నాలుగు వేలు పోవడం అలాంటిది కాదు. మాటలో అ, ఇ, ఒ లాంటి అచ్చుల బలం కింద ఉంటుంది. స, త, చ లాంటివి పలుకుకు వచ్చేది పైనుంచే. అవి పోతే మనిషి గొంతు వినపడుతుంది, మాట తెలియదు. మామకు కోపం ఎక్కువైందనీ, ఒకటి అడిగితే ఇంకోటి చెబుతున్నాడనీ ఇంట్లో ఎన్నేళ్లుగా అనుకుంటున్నామో లెక్కలేదు. నేను కూడా “మామతో మాట్లాడ్డం కష్టం” అని మా అమ్మతో అన్నవాణ్నే.

ఆ రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు బావ ఇంకో సంగతి చెప్పాడు. మామ చివరిసారి పట్టిన భారతంలో మైకు కూత పెడుతూనే ఉందట. మామ పక్కనే కూర్చుని కదల్లేదట. తాగి నిద్రపోయాడన్నారు కొందరు. ఆ మరుసటి ఏడు వేరేవాళ్లను పిలిచారు. డీజేలు వచ్చి గిరాకీ పోయిందని మామ మాకు చెప్పింది సగమే. ఆయన జన్మలో తాగలేదు.

చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి బావకు రెండు వారాలు పట్టింది. ఊరి పేరు చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట: “గనిలో చేశారా?” గుడుపల్లె మండలంలో చిగరగుంట, బిసానత్తం బంగారు గనులు ఉండేవి. కోలార్ గనులతో పాటు 2001లో మూతపడ్డాయి. మామ ఏనాడూ గనిలో దిగలేదు. హారన్ల కింద కూర్చున్నాడంతే. 85 డెసిబెల్లయితే రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చని అమెరికాలోని నియోష్ సంస్థ లెక్క. పైన ప్రతి మూడు డెసిబెల్లకూ సమయం సగమవుతుంది. వంద దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలే. హారన్ పక్కన వంద దాటడం ఎంతసేపు! భారతం తెల్లవార్లూ సాగుతుంది. పరీక్ష కాగితం మీద గీత 4000 దగ్గర బావిలా దిగిపోయింది. చప్పుడు తిన్న చెవికి తొలి గుర్తు అదేనట. లోపలి కణాలు ఒకసారి పోతే మళ్లీ పుట్టవు.

బావ ఇంకో జత కెపాసిటర్ల కోసం దాచిన డబ్బు వినికిడి యంత్రానికి పోయింది. ఆ యంత్రం చేసే పనీ కొంతవరకు క్రాసోవర్ పనే. శబ్దాన్ని భాగాలుగా విడగొట్టి, తక్కువైన భాగాన్ని పెంచి చెవికిస్తుంది. పోయిన చెవిని తెచ్చివ్వదు. నలుగురు ఒక్కసారిగా మాట్లాడితే మామ ఇప్పటికీ దాన్ని తీసి జేబులో వేసుకుంటాడు. అత్త గాజుల చప్పుడు మాత్రం మొదటిరోజు ఆయన్ని అదిరిపడేలా చేసింది.

దసరాకు వెళ్లినప్పుడు ఆ పలకలు హాల్లోనే ఉన్నాయి. పాత క్రాసోవరే తగిలించి ఉంది. కొత్తది మంచం కింద పెట్టెలో. బావ ఏ కారణమూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మామ ఇనప్పెట్టెలోంచి ఒక క్యాసెట్ తీశాడు. ఎప్పుడో భారతంలో తన మైకుసెట్ నుంచే రికార్డు చేసిన హరికథ. బావ దాన్ని పెట్టాడు. కాసేపటికి మామ చెయ్యెత్తాడు.

“ఈ ఉస్సుమనేది ఏందిరా?”

“టేపుది నాయనా. అన్ని క్యాసెట్లలోనూ ఉంటుంది.”

“నేనే కదరా రికార్డు చేసింది. అప్పుడు లేదే.”

బావ ఏమీ అనలేదు. హరిదాసు గజ్జెలు మోగాయి. మామ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.